ఇంజెక్షనుకీ ఫోటోకీ మధ్య

నాన్న చేతికి ఇంజెక్షన్ చేసిన కుర్రాడు గదిలోంచి బయటికొచ్చి, "మూడు గంటలు కూర్చోవాలండీ. నీళ్ళు బాగా తాగించండి. బాత్రూమ్ వచ్చినప్పుడల్లా ఆపుకోకుండా వెళ్ళమనండి, అదిగో ఆ మూల బాత్రూమే వాడాలి. సాయంత్రం దాకా చంటిపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి" అని గడగడా అప్పజెప్పి లోపలికెళ్ళిపోయాడు. ఆ మాటలు నేను కొన్ని వేలసార్లు చెప్పుంటాను. విశాఖలో తెలుగులో కొన్నేళ్ళు, 2019 నుంచి ఇంగ్లండులో ఇంగ్లీషులో. కుర్చీలో కూర్చుని వినడం మాత్రం ఇదే మొదలు.

నాన్నకి రక్తపరీక్షలో పీఎస్‌ఏ ఎక్కువొచ్చింది, ప్రోస్టేట్ క్యాన్సరు అనుమానంతో చూసే పరీక్ష అది. బయాప్సీ కూడా అయింది. క్యాన్సరు ఎముకల్లోకి పాకిందో లేదో తెలియాలంటే బోన్ స్కాన్ తీయాలి. ఈ సంగతంతా అమ్మకీ తమ్ముడికీ నాకూ తెలుసు. నాన్నకి చెప్పింది మాత్రం, "నడుంనొప్పి కదా, ఎముకల్లో బలం చూస్తారట" అని. రెండు వారాల సెలవు పెట్టి నేనొచ్చినందుకు కూడా, పాపకి దసరా చూపించడానికని ఒక కారణం అల్లిపెట్టాం.

నాన్న ముప్పయ్యేళ్ళకి పైగా హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరు. సింధియా జంక్షన్ దాటి ఎటు వెళ్ళాలన్నా ఆయనకి ఒక కథ ఉంటుంది. పొద్దున్న తలుపుమీద మూడురెక్కల పసుప్పచ్చ గుర్తు చూడగానే ఆగిపోయాడు.

"ఇది మా యార్డులో తాడు కట్టీవోళ్ళ గుర్తు కదేటే?"

అవును, అదే. ఓడ పెంకుకి వేసిన అతుకులు లోపల గట్టిగా ఉన్నాయో లేదో చూడ్డానికి రాత్రిపూట అందర్నీ పంపించేసి, చుట్టూ తాడు కట్టి, ఇరిడియం-192 అనే రేడియేషన్ పదార్థం పెట్టి ఫిలిం తీస్తారు. నాన్న వేసిన అతుకులకి అలాంటి ఫోటోలు ఎన్ని తీసుంటారో. "అక్కడ మందు ఇటుంటుంది, ఫిలిం అటుంటుంది, మధ్యలో నీ అతుకు. ఇక్కడ మందు నీ ఒంట్లోకే ఎక్కించారు, కెమెరా బయట నుంచి చూస్తుంది" అన్నాను.

"అయితే బల్బు నానేనన్నమాట."

నేను డిప్లొమాలో ఏడాదిపాటు చదివిన ఫిజిక్సు ఈ ఒక్క మాటలో ఉంది. 

ఈ ఊళ్ళో నా ఉద్యోగం పేరు చెప్పడం ఎప్పుడూ కష్టమే. నాది న్యూక్లియర్ మెడిసిన్. న్యూక్లియర్ అనగానే "సబ్‌మెరైన్లలోనా?" అంటారు. తప్పు వాళ్ళది కాదు. అణు సబ్‌మెరైన్ అరిహంత్‌ని 2009లో నీళ్ళలోకి దించింది ఇక్కడే మరి. మా పెద్దత్త అయితే, "కొవ్వాడలో అణువిద్యుత్ ప్లాంటు పెడతారంట, అదొస్తే నువ్వు ఇక్కడికే వచ్చెయ్యొచ్చు" అని ఫోన్ చేసినప్పుడల్లా ధైర్యం చెబుతుంది. ఇంకొందరు రేడియేషన్ అనగానే జాలిపడతారు. "కరెంటు పెట్టే పనా అమ్మా? పిల్లలు గలదానివి!" అని. మనవాళ్ళకి క్యాన్సరు రేడియేషనంటే కరెంటు పెట్టడమే. నేను కరెంటు పెట్టను. టెక్నీషియం అనే పదార్థాన్ని చిటికెడు కూడా కాదు, కంటికి కనపడనంత ఇంజెక్షన్‌లో ఇస్తాను. ఆరు గంటలకి అది సగమైపోతుంది, ఇంకో ఆరు గంటలకి పావు. మర్నాటికి దాదాపు ఖాళీ. భూమ్మీద ఎక్కడా తవ్వితే దొరికే సరుకు కాదు. 1937లో మనుషులు తయారుచేసి కనిపెట్టిన మొదటి మూలకం అది.

తవ్వి తీయలేం కాబట్టి దాన్ని పితుకుతాం. నిజంగానే ఆ మాటే వాడతారు. సీసం గోడల డబ్బాలో మాలిబ్డినం-99 ఉంటుంది, దాని పేరు ఆవు. పొద్దున్నే దాంట్లోంచి ఉప్పునీళ్ళు లాగితే టెక్నీషియం దిగుతుంది. ఆవు కూడా ఎండిపోతూ ఉంటుంది, 66 గంటలకి సగం. సోమవారం నిండుగా ఇచ్చేది శనివారానికి పావువంతు ఇస్తుంది. విశాఖలో పనిచేసినప్పుడు పొద్దున్న ఏడింటికి ఆవుని పితికేది నేనే. సీసపు అడ్డం వెనక చేతులు పెట్టి, ఆరోజు ఎంత వచ్చిందో మీటర్లో చూసి, ఎంతమందికి సరిపోతుందో కాగితంమీద లెక్క వేసేదాన్ని. ఇంగ్లండులో ఆ పని రేడియోఫార్మసీ వాళ్ళది. మాకు లేబుల్ అంటించిన సీసాలు వస్తాయి. భద్రతకి అదే మంచిది, ఒప్పుకుంటాను. కానీ మొదటి ఆర్నెల్లూ పాలపాకెట్టు కొనుక్కుంటున్న పాడిరైతులా ఉండేది నా పరిస్థితి.

అక్కడ చేరడానికి ముందు ఇంగ్లీషు పరీక్ష రాయాలి, హెచ్‌సీపీసీ అనే అక్కడి నమోదు సంస్థలో రేడియోగ్రాఫర్‌గా పేరు ఎక్కాలి, ఆసుపత్రి వీసాకి పూచీ పడాలి. ఆ కాగితాల కథ ప్రతి నర్సు ఇంట్లోనూ వినిందే, వదిలేస్తాను. నన్ను నిజంగా తికమక పెట్టింది మందులో రేడియేషన్‌కి వాడే కొలత. ఇక్కడ మేం మిల్లీక్యూరీల్లో మాట్లాడుకుంటాం. బోన్ స్కాన్‌కి ఇరవై, అంతే. అక్కడ అంతా మెగాబెక్వెరెల్. ఒక మిల్లీక్యూరీకి 37. ఇరవై అంటే 740. మా బళ్ళో ఎక్కాలు ఇరవైతో ఆపేశారు. నేను ముప్పయ్యేళ్ళు దాటాక ముప్పైయేడో ఎక్కం బట్టీపట్టాను. ఇప్పటికీ తల లోపల మిల్లీక్యూరీల్లోనే అనుకుని నోటితో 37 పెట్టి హెచ్చవేసి చెబుతాను, కలలు తెలుగులో వచ్చినట్టే.

మనుషుల దగ్గర తేడా ఇంకా చిత్రం. ఇంజెక్షనుకి ముందు పేరు, పుట్టినతేదీ, చిరునామా, ఈ మూడూ రోగి నోటితోనే చెప్పించాలి. అక్కడ ఎనభయ్యేళ్ళ ముసలమ్మ కూడా తేదీ, నెల, సంవత్సరం టకటకా చెప్పేస్తుంది. ఇక్కడ పుట్టినతేదీ అడిగితే, "పెద్ద తుఫానుకి రెండేళ్ళు ముందు" అనేవాళ్ళు, ఏ తుఫానో మనమే తేల్చుకోవాలి. అక్కడ వారానికొకరు, "నేను చీకట్లో వెలుగుతానా?" అని జోకు వేస్తారు. ఆ జోకు మొదటిసారి వింటున్నట్టు నవ్వడం మా ఉద్యోగ ధర్మం. గుండె స్కానుకి ముందురోజు నుంచీ టీ, కాఫీ ముట్టకూడదు, ఇచ్చే మందు పనిచేయదు. ఉత్తరం రాస్తాం, ఫోన్ చేస్తాం. వచ్చి కూర్చుని, "ఒక్క కప్పే తాగాను, అది కూడా పల్చగా" అంటారు. ఆ దేశంలో టీ తాగనివాడు దొరకడం మన దగ్గర కాపీహోటల్ లేని సందు దొరకడం లాంటిది. ఆరోజుకి తయారుచేసిన మందు పారబోసి వేరే తేదీ ఇస్తాం.

తిండి ఎంత వేగంగా కడుపు దాటుతుందో చూసే పరీక్ష ఒకటుంది. మా విశాఖ సెంటర్లో మందు ఇడ్లీలో కలిపి పెట్టేవాళ్ళం. అక్కడ ఓట్స్ జావలో. మొదటిసారి ఆ జావ కలుపుతుంటే పక్కనున్న సీనియరుకి ఇడ్లీ సంగతి చెప్పాను. "చట్నీ కూడా పెట్టేవారా?" అనడిగింది. పెట్టేవాళ్ళం కాదు. రోగులు మాత్రం అడిగేవాళ్ళు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి విశాఖ ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయి, విమానాలు నిలిచిపోయినప్పుడు మాకు ఆవు రాలేదు. కరెంటే లేని ఊళ్ళో స్కానెవరిక్కావాలి అనుకోవచ్చు, కానీ జనరేటర్ వేసుకున్నాక కూడా రోజులు ఖాళీగా కూర్చున్నాం. ఇలాంటిది మన దగ్గరే జరుగుతుంది అనుకుని దేశం దాటాను. సరిగ్గా పదేళ్ళకి, 2024 అక్టోబరులో, నెదర్లాండ్స్‌లో పెట్టెన్ అనే చోట 1961 నుంచి నడుస్తున్న రియాక్టర్‌లో ఒక గొట్టం వంకరపోయిందని దాన్ని అనుకున్న రోజుకి మళ్ళీ మొదలుపెట్టలేదు. యూరప్‌లో ఈ మాలిబ్డినం చేసే రియాక్టర్లు ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇంగ్లండులో కొరత వచ్చేసింది. ముందే తెచ్చి దాచుకోవడానికి అది కందిపప్పు కాదు, డబ్బాలోనే కరిగిపోతుంది. రోగుల జాబితా ముందేసుకుని ఎవరికి ఇవ్వాలి, ఎవర్ని ఆపాలి అని కూర్చున్నాం. ఆపినవాళ్ళకి ఫోన్ చేసే పని నాకొచ్చింది. ఒక్కరూ అరవలేదు. "మీకు కష్టంగా ఉండి ఉంటుంది" అన్నారొకాయన. అరిస్తే బాగుండుననిపించింది.

అక్కడివాళ్ళు ఒంటరిగా వస్తారు. కార్ పార్కింగ్ టికెట్ జేబులో పెట్టుకుని, తమ జబ్బు పేరు, ఏ దశలో ఉందీ, ముందేం చేయబోతున్నారో నాకే వివరిస్తారు. మనవాళ్ళకి వెంట నలుగురు వస్తారు, జబ్బు పేరు ఆ నలుగురికీ తెలుసు, పడుకున్నవాళ్ళకి తప్ప. మొదట్లో వాళ్ళ పద్ధతే గొప్పదనుకున్నాను. బల్లమీద పడుకున్నాక ఎవరికైనా చేయి పట్టుకునే మనిషి కావాలని తర్వాత తెలిసింది. ఆ చేయి చాలాసార్లు నాదే.

ఒకసారి మన తెలుగావిడే వచ్చింది. కొడుకు దగ్గరికి వచ్చిన తల్లి, మాట వినగానే అనకాపల్లి వైపు అని తెలిసిపోయింది. రిసెప్షన్ దగ్గర నా పేరు చూసి అబ్బాయి పక్కకి పిలిచాడు. "అక్కా, అమ్మ దగ్గర క్యాన్సర్ అన్న మాట అనకండి, ప్లీజ్." అక్కడ ఇంటివాళ్ళు దుబాసీగా ఉంటే ఒప్పుకోరు, ఫోన్‌లో అనువాదకుణ్ణి పెట్టాలి. అనువాదకుడు విన్నది విన్నట్టు చెబుతాడు. ఆయన గొంతులో ఆ మాట రాకుండా నేను ఇంగ్లీషు వాక్యాలని ఎలా వంకర తిప్పానో నాకే తెలుసు. లోపలికెళ్ళాక ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"నిజం సెప్పమ్మా. అదేనా?"

"నాకు తెలీదండీ. డాక్టర్లు చూసి చెబుతారు."

రూలు ప్రకారం అదే జవాబు. ఫోటో తీసేవాళ్ళు రిపోర్టు చెప్పకూడదు. దానికి కారణం కూడా ఉంది. ఎముకలో నల్లగా కనిపించిందల్లా జబ్బు కాదు. కీళ్ళ అరుగుదలా, పాత దెబ్బా కూడా నల్లగానే వస్తాయి. కానీ వేల స్కాన్లు చూసిన కంటికి కొన్ని తెర మీద సగం దిగేసరికే తెలిసిపోతాయి. మాకు ఎవరూ నేర్పని ముఖ్యమైన పని ఆ క్షణంలో మొహానికి మూత పెట్టుకోవడం. ఆరోజు మూత బాగానే పెట్టాను. ఇంటికెళ్ళి పాపకి అన్నం పెడుతుంటే మణికట్టు మీద ఆ వేళ్ళు ఇంకా ఉన్నట్టే ఉంది.

మూడు గంటల్లో నాన్న రెండు సీసాల నీళ్ళూ, ఒక కొబ్బరిబొండం తాగాడు. పాపతో వీడియో కాల్‌లో మాట్లాడాడు. "ఇయ్యాల తాత దగ్గరికి రాకూడదంట, తాత బల్బు" అని చెప్పాడు. పక్కన కూర్చున్నాయన చోడవరం నుంచి వచ్చాడు, ఇద్దరూ షుగర్ ఫ్యాక్టరీ గురించి గంటసేపు తగువాడుకున్నారు. తమ్ముడు ఫోన్ పట్టుకుని వరండాలో తిరుగుతూనే ఉన్నాడు.

పేరు పిలిచారు. అరగంట పడుతుందన్నారు. లోపలికి రానిస్తామన్నా నేను వెళ్ళలేదు. తెర నాకు కనిపిస్తుందని భయం.

అరగంట దాటాక ఆ కుర్రాడు తలుపు తీశాడు. "ఇంకొక్క ఫోటో తీస్తున్నామండీ, నడుం దగ్గర. పది, పదిహేను నిమిషాలు." గోడ మీది గడియారం కేసి చూస్తూ చెప్పాడు. నేను కూడా అలాగే గడియారం కేసే చూస్తాను. అతనికి నా ఉద్యోగం ఏమిటో తెలీదు, చెప్పాలనిపించలేదు. అరుగుదలే కావచ్చు, ముప్పయ్యేళ్ళు వంగి వెల్డింగ్ చేసిన నడుం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రోగులకి చెప్పేటప్పుడు ఈ వాక్యం ఇంతకంటే బాగా వచ్చేది.

నాన్న చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. తమ్ముడు వెంటనే, "అయిపోయింది నాన్నా, అంతా బావుందంట" అన్నాడు. నాన్న వాడికేసి చూడలేదు.

"మా యార్డులో అతుకు బాగుంటే ఫోటో ఒక్కసారే తీసీవోళ్ళు. మల్లీ తీసినారంటే బాగోనేదనే. ఇనస్పెక్టరు నోరిప్పడు. సుద్దముక్కతో గీత గీసి ఎల్లిపోతాడు." బొత్తాం పెట్టడం అయింది. "ఎక్కడ గీసినారే?"

అమ్మ నా భుజం గిల్లింది. రూలు గుర్తొచ్చింది, అబద్ధం కూడా నోటిదాకా వచ్చింది.

"నడుం దగ్గర, నాన్నా. గీతే, ఇంకా రిపోర్టు రాలేదు."

"మరి అదే ముందే సెప్పొచ్చు కదేటే" అని చెప్పులేసుకున్నాడు. "బేగి పదండి, ఆకలేత్తంది."