నీళ్ళొచ్చే రోజు గురించి రాసిన ఉత్తరం

2015 సెప్టెంబరులో నేను పదో తరగతి. ఒకరోజు ప్రేయర్ అయ్యాక మా ఇంగ్లిష్ మేడమ్ స్టాఫ్‌రూముకి పిలిచి ఒక కాగితం ఇచ్చారు. కెనెడీ–లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ అని ఒక స్కాలర్‌షిప్. అందరూ 'యెస్' అంటారు. ఎంపికైతే ఒక విద్యా సంవత్సరం అమెరికాలో ఒక కుటుంబంతో ఉంటూ అక్కడి హైస్కూల్లో చదవాలి. విమానం టికెట్టు, ఇన్సూరెన్సు, నెలనెలా చేతిఖర్చు అమెరికా ప్రభుత్వం పెట్టుకుంటుంది.

మాది హైదరాబాద్ సరూర్‌నగర్. నాన్నది దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరింగ్ షాపు. ఆ రాత్రి అన్నాలప్పుడు చెబితే నాన్న మొదట అడిగింది ఒక్కటే: "ఊరికే ఎందుకిస్తరు బిడ్డా?"

న్యాయమైన ప్రశ్న. మేడమ్‌ని అడిగి తెలుసుకుని చెప్పాను. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో అక్కడి కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న దేశాల పిల్లలు వాళ్ళ ఇళ్ళలో ఉండి, ఒకరి గురించి ఒకరు తెలుసుకోవాలని దీని ఉద్దేశం. మన దేశం కూడా ఆ జాబితాలో ఉంది. ఏ మతం పిల్లలైనా అప్లై చేయొచ్చు. ఆతిథ్యం ఇచ్చే కుటుంబాలకు డబ్బులివ్వరు అన్నప్పుడు మాత్రం నాయనమ్మ ముద్ద చేతిలోనే ఆపి, "పైసలు తీస్కోకుండ పరాయి పిల్లకు ఏడాది బువ్వ పెడతరా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మామయ్య ఆదివారం వచ్చి గట్టిగానే అడ్డం పడ్డాడు. ఇంటర్‌లో చేరాల్సిన పిల్ల ఏడాది వదిలేస్తే ఎంసెట్ సంగతేంటని. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అక్కడ చదివిన ఏడాది మన ఇంటర్‌ లెక్కలోకి రాదు, తిరిగొచ్చి ఫస్టియర్ నుంచి మొదలుపెట్టాల్సిందే. అప్లై చేయాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఈ సంగతి ఇంట్లో దాచి సంతకాలు పెట్టించుకోవద్దు. నేను మొదటి రోజే చెప్పాను కాబట్టి, తర్వాత ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. "పోతే అక్కడే ఉండిపోతదేమో" అన్న భయం కూడా మామయ్యకు ఉంది. దానికి వీసాలోనే జవాబుంది. ఇది జె-1, అంటే ఇలాంటి ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకు ఇచ్చే వీసా. ఈ స్కాలర్‌షిప్‌తో వెళ్ళినవాళ్ళు స్వదేశంలో రెండేళ్ళు ఉంటే గానీ హెచ్-1కీ గ్రీన్‌కార్డుకీ అర్హులు కారు. ఇది విన్నాక నాన్న సంతకం పెట్టాడు. అమ్మ కూడా పెట్టింది గానీ ఏమీ మాట్లాడలేదు.

నన్ను ఎక్కువగా తిప్పింది కాగితాలే. స్కూలు రికార్డులో నా పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటే ఉంది. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళకు చివర. పాస్‌పోర్టులో ఎలా ఉంటుందో అన్నిచోట్లా అలాగే ఉండాలన్నారు. సరే, ముందు పాస్‌పోర్టు తీసుకుందామని చూస్తే జనన ధృవీకరణ పత్రంలో నా పేరే లేదు! ఆస్పత్రిలో పుట్టినప్పుడు 'ఆడ శిశువు' అని నమోదు చేశారు, ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాక దాన్ని ఎక్కించాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. మీసేవలో అర్జీ పెట్టి పేరు ఎక్కించుకుని, అప్పుడు అమీర్‌పేట పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్ళాం. నాన్న షాపు మూసుకుని వచ్చిన రోజులు నాలుగు. అవి దసరా ముందు రోజులు, టైలర్లకు ఊపిరాడని సమయం. ఆ నాలుగు రోజులూ నాకు ఇప్పటికీ గుర్తే.

టీకాల కార్డు అమ్మ బీరువాలో పెళ్ళి చీర కింద భద్రంగా దొరికింది. కానీ అమెరికా స్కూళ్ళు అడిగే రెండో డోసు ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసేది), చికెన్‌పాక్స్ టీకా అందులో లేవు, అప్పుడు వేయించుకున్నాను. టీబీ కోసం ముంజేతి మీద చిన్న సూది వేసి, రెండు మూడు రోజుల్లో వచ్చి చూపించమన్నారు. వాపు కొంచెం ఎక్కువగానే వచ్చింది. అమ్మ ముఖం తెల్లబోయింది. చిన్నప్పుడు టీబీ టీకా బీసీజీ వేసుకున్నవాళ్ళకు ఇలా రావచ్చని డాక్టరుగారు నచ్చజెప్పి, ఛాతీ ఎక్స్‌రే తీయించారు. అంతా బాగానే ఉంది. ఈ పరీక్షను చివరికి ఉంచుకోకపోవడం మంచిది.

ఇంగ్లిష్ పరీక్ష గురించి అందరూ భయపెట్టారు గానీ అది ఒక పూటతో అయిపోయింది. నన్ను కదలనివ్వంది వేరే: ఇంకా ఎవరో తెలియని ఆ కుటుంబానికి రాయాల్సిన ఉత్తరం. మొదటిసారి రాసింది చదివి మేడమ్ పక్కన పెట్టేశారు. "కష్టపడతాను, కొత్త సంస్కృతులంటే ఇష్టం... ఇది ఎవరైనా రాయొచ్చు. మీ ఇల్లు ఎక్కడుంది ఇందులో?" అన్నారు.

వారం రోజులు ఏమీ రాయలేకపోయాను. మా ఇల్లు రెండు గదులు, దాని గురించి రాయడానికి సిగ్గేసింది. అదే నిజం. తర్వాత ఒకరోజు తెల్లవారుజామున నీళ్ళు పడుతూ ఉంటే, ఇదే రాస్తే ఏమవుతుంది అనిపించింది. మా వీధిలో కృష్ణా నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లారకముందే వచ్చేవి. నాయనమ్మకు అలారం అక్కర్లేదు, నల్లాలో గాలి బుసకొట్టగానే లేచి నన్ను తట్టేది. అమ్మ బిందెలు కడిగేది, నేను పైపు పట్టుకుని డ్రమ్ములు నింపేదాన్ని, నాన్న మేడ మీదికి మోసేవాడు. పక్కింటి ఆంటీకి నడుం నొప్పి కాబట్టి వాళ్ళ డ్రమ్ము కూడా మాదే. మా నలుగురం తీరిగ్గా మాట్లాడుకునేది ఆ గంటలోనే. అదంతా రాశాను.

తల్లిదండ్రులు కూడా ఒక ఉత్తరం రాయాలి. అమ్మ తెలుగులో చెబితే నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను. "మా బిడ్డకు కోపమొస్తే చెప్పదు. అన్నం తక్కువ తింటది. అది చూసి మీరే కనుక్కోవాలె" అని చెప్పింది. నా గురించి అమ్మకు అంత తెలుసని నాకు తెలియదు. ఆ వాక్యం రాస్తుంటే అక్షరాలు కనబడలేదు, కాసేపు పెన్ను పక్కన పెట్టాను.

ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడిగారు: ఇంట్లో కోపం వస్తే ఏం చేస్తావని. మేడ మీదికెళ్ళి పూటంతా మాట్లాడను అన్నాను. "అక్కడ మేడ ఉండకపోవచ్చు, అప్పుడు?" కాసేపు ఆలోచించి, "మాట్లాడటం నేర్చుకోవాలి, ఇప్పటికైతే రాదు" అన్నాను. బయటికి వచ్చాక పోయిందనుకున్నాను. పాతబస్తీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన డబ్బాలోని ఖుబానీ మీఠా నా చేతిలో పెట్టి, "నిజం చెప్పినవ్ గదా, ఏం గాదు" అంది.

పదో తరగతి పరీక్షలు రాశాక, ఏప్రిల్‌లో ఎంపికయ్యానని ఫోన్ వచ్చింది. కానీ ఏ ఊరో, ఎవరి ఇల్లో చెప్పరు, కుటుంబం దొరికాకే చెబుతారు. మే పోయింది, జూన్ పోయింది. నా స్నేహితులు కాలేజీల్లో చేరిపోయారు. నాకైతే ఆ రెండు నెలల టెన్షన్ ముందరి ఎనిమిది నెలల్లోనూ లేదు.

జులై రెండో వారంలో మెయిల్ వచ్చింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఒక పల్లె, చుట్టూ మొక్కజొన్న చేలు. నాకు అమ్మ కాబోయే ఆవిడ రాసిన మొదటి సంగతి నీళ్ళ గురించే. వాళ్ళకు బోరు నీళ్ళట. కరెంటు పోతే మోటారు ఆగి చుక్క కూడా రాదట. అందుకని తుఫాను వస్తుందనగానే స్నానాల తొట్టి నింపి పెట్టుకుంటారట. "ఈసారి నువ్వు సాయం చేద్దువుగాని" అని రాసింది.

నేను తెలుగులో చదివి వినిపించాను. "డ్రమ్ములు లేవా వాళ్ళకు?" అని నాయనమ్మ అడిగింది. అమ్మ మెయిల్ ఇంకోసారి చదవమంది. ఆ పది నెలల్లో ఒక్కసారి కూడా వెళ్ళమని గానీ వద్దని గానీ అనలేదు. విన్నాక లేచి, "రేపు నీళ్ళు రావు. పొద్దుగాల కోఠి పోయి సూట్‌కేసు తెద్దాం పా" అంది.