వరద నాగా కూడా నాగాయేనా

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో ఆ తేదీ చెప్తే ఎవరైనా బుడమేరు వాగు వరద అంటారు. నాకు మాత్రం వరదకి ముందు నుంచే ఆ తేదీ బుర్రలో ఉంది, ఎందుకంటే సెప్టెంబర్ 1 మా కతోలికులకి సృష్టి కోసం ప్రార్థించే రోజు, 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు పెట్టారు, అక్కణ్ణుంచి అక్టోబర్ 4 అస్సీసీ పునీత ఫ్రాన్సిస్ పండగ దాకా సృష్టి కాలం అంటారు. నేను మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, ఎనిమిదో తరగతి పిల్లలకి సండే క్లాస్ చెప్తాను. పూజ అయ్యాక పంచుదామని ముందు వారమే నలభై మొక్కలు తెప్పించాం, వేప, కానుగ. తీరా చూస్తే శనివారం నుంచి కుండపోత, గుడికి పట్టుమని ముప్పై మంది రాలేదు. ఫాదర్ గారు మాత్రం ప్రసంగం మానలేదు, భూమి మొర వినాలి, పేదల మొర కూడా వినాలి, రెండూ కలిపే వినాలి, అది సృష్టి గురించి పోపు గారు రాసిన లౌదాతో సీ లేఖలో మాట. నేను తలూపుతూ విన్నాను. మొక్కలు వరండాలో తడుస్తున్నాయి. ఇంటికొచ్చి టీవీ పెడితేగానీ తెలీలేదు, అవతల సింగ్ నగర్‌లో మంచాలు తేలుతున్నాయని.

మాది మాచవరం, మెరక. మా ఇంట్లో పనిచేసే ఆవిడది వాంబే కాలనీ పక్కన సందు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్.

ఆ వారం ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని అందరూ కృష్ణ గురించే మాట్లాడారు గానీ సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. కట్ట మూడు చోట్ల తెగింది. కొల్లేరుకి పోవాల్సిన వాగు అది, దాని దారిలో ఏళ్ళ తరబడి పూడిక పేరుకుంటే తీసినవాళ్ళు తక్కువ, ఇళ్ళు లేపినవాళ్ళు ఎక్కువ. పల్లంలో అద్దె తక్కువ కాబట్టి పేదవాళ్ళు పల్లంలోనే ఉంటారు, నీళ్ళకీ పల్లమే కావాలి. లౌదాతో సీ అంతా చదవక్కర్లేదు అసలు, ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం అర్థమైనట్టే.

మేం ఊరికే కూర్చోలేదు లెండి. గుడి వెనక పులిహోర కలిపి పొట్లాలు కట్టి ఫ్లైఓవర్ దాకా పంపించాం, చేతులు నొప్పెట్టేదాకా కట్టాను, ఆ రాత్రి బాగా నిద్రపట్టింది కూడా. ఇక్కడిదాకా అందరూ రాసే పోస్టే. అసలు సంగతి నెల తిరిగాక జరిగింది.

ఆవిడ పదహారో తారీకున పనిలోకొచ్చింది. ఫ్రిజ్ పోయింది, స్టవ్ పోయింది, పిల్ల పుస్తకాలు బురదలో ముద్దయిపోయాయి, ఇంట్లో గోడ మీద నీళ్ళ గీత తన భుజం దాకా ఉందని చేత్తో చూపించింది. నేను రెండు పాత చీరలు, ఒక కుక్కర్ ఇచ్చాను. ఒకటో తారీకున జీతం లెక్క కట్టాను. నెలకి మూడు వేలు, రోజుకి వంద, నెలకి రెండు నాగాలు మాఫీ, పైన ఎన్ని పెడితే అన్ని వందలు కట్, ఇది మా అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్న రూలు. పదిహేను నాగాలు, రెండు తీసేస్తే పదమూడు. పదిహేడు వందలు చేతిలో పెట్టాను. కింద పోర్షన్ల వాళ్ళకి గవర్నమెంట్ 25 వేలు ఇస్తోంది కదా అని కూడా లోపల అనుకున్నాను, దాచడం ఎందుకు.

ఆవిడ లెక్కపెట్టుకుని, "వరద నాగా కూడా నాగాయేనా టీచరమ్మా" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే తెలీక అడిగినట్టు అడిగింది. నేను "అందరికీ అదే రూలమ్మా" అన్నాను. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. తర్వాత రెండు మూడు రోజులు ఆవిడ ఏం మాట్లాడకుండా గిన్నెలు తోముకుని వెళ్ళిపోయింది, నేనది ప్రశాంతంగా ఉంది అనుకున్నాను.

ఆ వారమే క్లాసులో కతోలిక సభ సామాజిక బోధన, అంటే పని, శాంతి, సృష్టి లాంటివాటి మీద పోపులు రాసిన లేఖల గురించి చెప్పాలి. నేనెప్పుడూ ఒకటే పద్ధతి, బోర్డు మీద సంవత్సరాలు రాయడం పిల్లలతో బట్టీ పట్టించడం. 1891 పోపు 13వ లియో, కార్మికుల గురించి. 1963 పోపు 23వ జాన్, శాంతి గురించి, అమెరికా రష్యాల మధ్య క్యూబా మిస్సైళ్ళ గొడవ జరిగి ఆరు నెలలు కూడా కాకముందు. 2015 సృష్టి గురించి. అయిపోయింది, అందరూ లేచి ప్రార్థన చెప్పండి. ఈసారి ఎందుకో 1891 లేఖ కొంచెం ఎక్కువ చదివాను, చదవకుండా ఉంటే బాగుండేదేమో.

అందులో ఒక వాదన ఉంటుంది. జీతం ఇద్దరూ ఒప్పుకున్నదే కదా, ఒప్పుకున్నంతా ఇస్తే యజమాని పని అయిపోయినట్టే కదా అంటారు కొందరు, అది చాలదు అంటాడాయన. పనివాడు వేరే దారి లేక, ఇంకా ఘోరం జరుగుతుందన్న భయంతో ఒప్పుకుంటే అది ఒప్పుకోలు కాదు, బలవంతం, అన్యాయం. జీతమనేది పొదుపుగా బతికే మనిషికి సరిపోవాలి, అది ఏ ఒప్పందం కంటే కూడా ముందుంది. 130 ఏళ్ళ కిందట ఫ్యాక్టరీల గురించి రాసిన మాట మా నాగాల రూలుకి అచ్చంగా సరిపోయింది. ఆ రూలుకి ఆవిడ ఎప్పుడు ఒప్పుకుంది? పనిలో చేరిన రోజు మేమే చెప్పాం, ఆవిడ "సరేనమ్మా" అంది. 2025 మేలో ఎన్నికైన పోపు గారు ఈ లియో గారిని తలుచుకునే 14వ లియో అని పేరు పెట్టుకున్నారు, అప్పుడు క్లాసులో పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను కొంచెం నెమ్మదిగా కొట్టాను.

ఇంకోటి. ఆ లేఖలోనే బైబిల్లోని యాకోబు పత్రిక మాట ఉంది, బిగపట్టిన కూలి మొరపెడుతుంది అని. మనిషి కాదు, కూలి డబ్బులే మొరపెడతాయట. భూమి మొర పేదల మొర అని నెలరోజులు పాటలు పాడించిన నా పర్సులోనే పదమూడు వందలున్నాయి.

మర్నాడు ఇచ్చేశాను. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు, తీసుకుని బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత నెలకి నాలుగు నాగాలు జీతంతోనే అని, జ్వరం వచ్చినా వాన ముంచినా లెక్క లేదని, జీతం మూడున్నర వేలని చెప్పాను. ఈ సంగతి లిఫ్టులో పాకిపోయింది. మూడో ఫ్లోర్ ఆంటీ "రేట్లు పాడుచేస్తున్నావమ్మా, రేపు మా దాన్ని ఎవరు ఆపుతారు" అన్నారు. ఆవిడా మా గుడే, నా వెనక బెంచీ. పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునేటప్పుడు నాకు చేతులు జోడిస్తారు ఇప్పటికీ, కొంచెం పొడిగా. పోపు ఆరో పాల్ గారు 1972 శాంతి దినానికి శాంతి కావాలంటే న్యాయం కోసం పనిచెయ్యండి అన్నారు గానీ, న్యాయం మొదలుపెడితే ముందు ఉన్న శాంతి పోతుందని కూడా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

విచారణ మీటింగులో కూడా ఒకసారి నోరు జారాను. మళ్ళీ మొక్కలు ఎన్ని తెప్పించాలి అని చర్చ నడుస్తోంది, గుడి ఊడ్చే ఆవిడకి ఎంతిస్తున్నాం అని అడిగాను. అజెండాలో లేదన్నారు. ఈసారి అరవై మొక్కలని తేలింది. పోయినేటి నలభైలో ఎన్ని బతికాయో ఎవరికీ తెలీదు, నా వేప ఒకటి బతికింది, దానికీ నీళ్ళు పోసేది ఆవిడే.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళు 9, 10, 11, ఆవిడ మూడు రోజులూ నాగా. వాళ్ళది మా మతం కాదు గానీ వరదలో పిల్ల బయటపడితే తలనీలాలు ఇస్తానని మేరీమాతకి మొక్కుకుందట. పన్నెండున పిల్ల గుండుతో వచ్చింది, పిల్ల చేతిలో సగం కొబ్బరిచిప్ప. "ఇవి జీతం నాగాలే కదా టీచరమ్మా" అని నవ్వింది. అవునన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే మూడు పోతే ఇంక ఒకటే మిగిలింది అని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ దొరికిపోయాను, పిల్ల గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.