కిలో 12 దాటితేనే కోత

జడ్చర్ల దగ్గర మాది రెండెకరాల చెల్క. ఎకరంలో బంతి, అర ఎకరంలో చామంతి, మిగతా అర ఎకరంలో గులాబీ. 2020లో ఉగాదికీ శ్రీరామనవమికీ అందాలని వేసిన బంతి నిండా పూత మీదుండగా లాక్‌డౌన్ వచ్చి పడింది. ఆ ఏడు ఉగాది మార్చి 25న. అప్పటికే హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్ బంద్, గుళ్లు బంద్, ముహూర్తాలు పెట్టుకున్న పెళ్లిళ్లన్నీ వాయిదా. వడ్లయితే ఇంట్లో పోసుకుని ఆగొచ్చు. పువ్వు ఆగదు.

మా ఇంట్లో లెక్కలు రాసేది నేను. ఆ వారమంతా మా ఆయన ఫోన్లో అడ్తిదారుల్ని, అంటే మార్కెట్లో కమీషన్ మీద మా పూలు అమ్మిపెట్టేవాళ్లను, అడుగుతూ కూర్చుంటే, నేను నోటుబుక్కులో ఒకే ఒక్క లెక్క చేశాను. పొద్దుటి పూట ఒక మనిషి 30 కిలోల బంతి కోస్తుంది, కూలి 250. అంటే కోతకే కిలోకు ఎనిమిది రూపాయల పైన. సంచులు, బండి కిరాయి కలిపి ఇంకో రెండున్నర. అమ్మిన దాంట్లో అడ్తిదారు తన కమీషన్ (అడ్తి) కింద నూటికి పది పట్టుకుంటాడు. కిలో 12 దాటకపోతే కోసిన ప్రతి కిలోకూ మనమే ఎదురు పెట్టుకోవాలి. నారు, ఎరువు, మందుల ఖర్చు ఇందులో లేదు. అది ఎప్పుడో పెట్టేసిన డబ్బు, దాన్ని చూసి ఏడ్చి లాభం లేదు.

బంతితో చిక్కేమిటంటే కోయకుండా వదిలేసినా కుదరదు. పువ్వు చెట్టు మీదే ఎండి గింజ పడితే కొత్త మొగ్గ తగ్గిపోతుంది. పారబోయడానికి కోయించినా కూలి ఇవ్వాల్సిందే. అందుకని ఎకరం బంతినీ రోటవేటర్‌తో దున్నించేద్దామన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "పూసిన పువ్వును మట్టిల కలుపుతవా బిడ్డా, పాపం తగుల్తది" అంది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఆమే వెళ్లి ఊరి హనుమంతుడి గుడి మూసిన తలుపుల ముందు ఒక గంపెడు పోసి వచ్చింది. తర్వాత ట్రాక్టర్ దిగింది. పచ్చి వాసన, టైర్లకు అంటుకున్న పసుపు ముద్ద, వెనకాల కొంగలు. డ్రైవర్ అబ్బాయి చాలు చివర్న బండి ఆపి, "వదినా, ఈ రెండు సాళ్లన్న ఉంచుతారా?" అని అడిగాడు. ఉంచలేదు.

డ్రిప్పు ఉంది, ఎరువు పడ్డ నేల ఉంది. పాలకూర, మెంతికూర, తోటకూర చల్లాం. కూరగాయలకు అడ్డులేదు కాబట్టి నెల తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్లలో కట్టలు అమ్ముకున్నాం. పెద్ద ఆదాయమేం కాదు. కరెంటు మోటారు రిపేరుకూ ఇంటి సరుకులకూ సరిపోయింది.

కష్టకాలంలో అన్నిటికీ కోత పెట్టాలంటారు. నేను ఒప్పుకోను. గులాబీని కత్తిరించి, నీళ్లు తగ్గించి పడుకోబెట్టాం. చామంతి తల్లి మొక్కలకు మాత్రం ఒక్క తడి తప్పనివ్వలేదు. అవి పోతే జూన్‌లో నారంతా కొనుక్కోవాలి, ఆ డబ్బు ఎక్కడిది?

అప్పు విషయంలో మా ఆయనకు టెన్షన్ ఎక్కువ. బ్యాంకులు కిస్తీలు ఆగస్టు 31 దాకా ఆపుకోవచ్చన్నాయి. ఆపడమంటే మాఫీ కాదు, మిత్తి నడుస్తూనే ఉంటుంది. అదే తేదీ దాకా పంట రుణం కట్టినా సకాలంలో కట్టినట్టే, నాలుగు శాతం మిత్తే పడుతుందని తెలిశాక దాన్నే ముందు తీర్చాం. జూన్‌లో ఎకరానికి 5 వేల చొప్పున పడ్డ రైతుబంధు కూడా అటే పోయింది. మా అడ్తిదారు అడ్వాన్స్ ఇస్తానన్నాడు, మిత్తి లేదన్నాడు. మిత్తి ఉండదు, కానీ పంటంతా అతనికే వేయాలి, తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, అతను రాసిందే రేటు. వద్దన్నాం.

ఆ వేసవిలో పుణె, ముంబయిల నుంచి మా ఊరివాళ్లు చాలామంది తిరిగొచ్చారు. మనుషులు దొరుకుతున్నారు కదా, కూలి తగ్గించమని సలహాలొచ్చాయి. కూలి తగ్గించలేదు, పద్ధతి మార్చాం. రోజు కూలి బదులు కిలోకు ఎనిమిది. చురుకైన చేతులకు లాభమే. ముసలివాళ్లు ఇద్దరికి గిట్టలేదు, వాళ్లను దండలు గుచ్చే పనిలో పెట్టాం.

ఆ ఏడు ఆశ్వయుజం అధికమాసం. పండుగ నెల వెనక్కి పోయింది. ఎప్పటిలా జూలైలో నాటినవాళ్ల బంతి శుభకార్యాల్లేని నెలలో విచ్చుకుంది. క్యాలెండర్ చూసి మేం ఆగస్టు మూడో వారంలో నాటాం, అది కూడా అరెకరమే. పండుగ వారానికి సరిగ్గా పూత. అక్టోబర్ 13న కుంభవృష్టి. తడిసిన బంతిని సంచిలో కుక్కితే రాత్రికే లోపల వేడెక్కి నల్లబడుతుంది. కోసినదంతా ఇంట్లో అన్ని గదుల్లో పట్టాల మీద పలచగా పరిచి, ఫ్యాన్లు వేసి, గంటగంటకూ తిరగేశాం. పడుకోవడానికి వరండాయే మిగిలింది. అక్టోబర్ 24 సద్దుల బతుకమ్మకు హైదరాబాద్ పంపకుండా జడ్చర్లను ఆనుకునే ఉన్న బాదేపల్లిలో రోడ్డు పక్కనే తూకం పెట్టి అమ్మాం. అడ్తి లేదు, కిరాయి లేదు. కొన్నవాళ్లు బేరమాడారు, అయినా 12కి ఎంతో పైనే.

2021 మే 12న మళ్లీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా పొలంలో బంతి పది గుంటలే, అంటే పావెకరం. పొద్దున ఆరు నుంచి పది దాకా ఉన్న సడలింపులో పోయినంత పోయింది, మిగతాది దున్నించాం. ఈసారి అత్తమ్మే ట్రాక్టర్‌కు ఫోన్ చేయించింది.

పెళ్లిళ్లు మళ్లీ మొదలైనా ఫంక్షన్ హాళ్ల డెకరేషన్ వాళ్లు చాలామంది ప్లాస్టిక్ పూలకు అలవాటు పడ్డారు, వాళ్ల ఆర్డర్లు పాతంత రాలేదు. గులాబీ పది గుంటలకు తగ్గించాం. చామంతి మాత్రం కార్తీకంలో కురుమూర్తి జాతరకు, మాఘంలో మన్యంకొండ ఉత్సవాలకు అందేలా రెండు దఫాలుగా వేస్తున్నాం. బంతి ఒక్కసారే ఎకరం వేయడం మానేశాం. ఇరవై రోజులకో పది గుంటలు, అంతే.