షా పేరులోకి ‘వ’ ఎలా వచ్చింది?

పోయిన వారం మా అమ్మాయి డ్రామా క్లాసు హోంవర్క్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. “అమ్మా, బెర్నార్డ్ షా రాసే తీరుని షేవియన్ అంటారట. ఆయన పేరులో వి అక్షరమే లేదు కదా, అదెక్కడిది?”

తాలింపు మాడకుండా స్టవ్ కట్టేసి, ఇద్దరం కూర్చుని వెతికాం. షా ఇంటిపేరు చివర డబ్ల్యూ ఉంటుంది. ప్రాచీన లాటిన్‌లో ఆ అక్షరం లేదు. అందుకని ఆ పేరుని లాటిన్ పద్ధతిలో షేవియస్ అని మార్చి, దాన్నుంచి షేవియన్ అన్నారు. మార్లో నాటకాలకి మార్లోవియన్ అనే మాట ఉంది. నెహ్రూ చదివిన హారో స్కూల్ వాళ్లు హారోవియన్లు. ఆ పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులోనూ డబ్ల్యూ ఉంది. అన్నిచోట్లా అదే ‘వ’.

ఆ రాత్రి తెనాలికి వీడియో కాల్ చేసినప్పుడు అది తాతయ్యకి ఇదంతా చెప్పింది. మా నాన్న సంస్కృతం చదువుకున్న మనిషి. ఫోన్ దగ్గరికి జరిగారు.

“పాండురాజు కొడుకులెవరు తల్లీ?”

“పాండవులు.”

“యదువు వంశం వాళ్లు?”

“యాదవులు.”

“మరి రఘువు వంశంలో పుట్టినవాడు?”

అది ఒక్క క్షణం ఆగి, “రాఘవ! మన రాఘవ!” అని అరిచింది.

పేరు చివర ఉకారం ఉండి, ‘ఆ వంశంవాడు’ అనే అర్థంలో ప్రత్యయం చేరితే ఆ ‘ఉ’ కాస్తా ‘అవ్’ అవుతుందని నాన్న చెప్పారు. లాటిన్ దారి వేరు, మన దారి వేరు. అయినా రెండు చోట్లా ‘వ’ రావడం చూసి నాకు ఒళ్లు పులకరించింది. రాఘవ అని నలభై ఏళ్లుగా వింటున్నాను, విడదీసి చూడాలని ఒక్కసారీ తోచలేదు.

రాఘవ మా చిన్నవాడు, నాలుగో తరగతి. క్లాసులో వాణ్ని రాగ్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకి పాతగుడ్డ అని అర్థం. కిందటి నెల వాడు నా దగ్గరికొచ్చి, “అమ్మా, పేరు రే అని మార్చుకోనా?” అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అర్థం చెబితే వింటాడని తెలుసు. కానీ రాముడి పేరు అనడం తప్ప నాకేం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు వాళ్లక్కే వాణ్ని కూర్చోబెట్టి, రఘు అని రాసి, పక్కన బాణం గీసి, రాఘవ అని రాసింది. వాడు కాసేపు చూసి, “షా కొడుకుల్ని ఏమంటారు తాతయ్యా?” అన్నాడు.

“ఆయనకి పిల్లల్లేరు నాన్నా. ముందు నీ ‘ఘ’ రాయి, చూస్తాను.”

మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి రాసి కెమెరాకి ఆనించాడు.