ఒక్క గుక్కలో ఎంతవరకు

2025 జనవరిలో పూణేలో జీబీఎస్ కేసులు బయటపడ్డప్పుడు మా చుట్టాలు వరసపెట్టి ఫోన్లు చేశారు. "టీవీలో చూపిస్తున్నారు, నీకొచ్చింది ఇదే కదా?" అని. ఇదే. గులియన్ బారీ సిండ్రోమ్, కాళ్ళూ చేతులూ బలం తప్పిపోయే నరాల జబ్బు. అప్పటికి నాకు వచ్చి ఏడాది దాటింది. నాకు వచ్చినప్పుడు మా ఇంట్లో ఆ పేరు పలకడం కూడా ఎవరికీ రాలేదు. మా అత్తగారు ఇప్పటికీ "నరాల జొరం" అనే అంటారు. జ్వరం ఒక్కరోజు కూడా రాలేదని చెప్పినా వినరు.

మాది రాయగడ. ఉన్నది ఒడిశాలోనే అయినా ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ కలిపి. మా ఆయనకి పేపర్ మిల్లులో ఉద్యోగం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పెద్ద జబ్బు ఏదొచ్చినా మా వైపు వాళ్ళు భువనేశ్వర్ కంటే ముందు విశాఖపట్నమే చూస్తారు.

2023 దసరా ముందు ఇంట్లో అందరికీ విరేచనాలు పట్టుకున్నాయి, అందరికీ తగ్గాయి. నాకు కూడా తగ్గిన తర్వాత అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. స్కూల్లో నడుస్తుంటే కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. వెనక వస్తున్న పిల్ల "మిస్, మీ చెప్పు" అని తెచ్చిస్తే చూసుకున్నాను. మర్నాడు మేడ మీది క్లాసుకి వెళ్ళాలంటే రైలింగ్ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కోవాల్సి వచ్చింది.

దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్ళాం. ఆ డాక్టరు పేరు రాయను. బీపీ చూశారు, కళ్ళు చూశారు. ఎన్ని క్లాసులు చెప్తారు, పిల్లలెంతమంది, అత్తగారు మీతోనే ఉంటారా అని అడిగారు. అన్నీ విన్నాక, నా వైపు కాదు, మా ఆయన వైపు తిరిగి, "ఏమీ లేదండీ, టెన్షన్. ఆడవాళ్ళకి ఈ వయసులో మామూలే. పొద్దున్నే కాస్త యోగా చేసుకోమనండి" అన్నారు. విటమిన్ మాత్రలు రాశారు. ఆయన టేబుల్ మీద పెన్నుల డబ్బాలో, పెన్నుల మధ్య రబ్బరు తల ఉన్న చిన్న సుత్తి ఉంది. మోకాలి కింద కొట్టి చూస్తారే, అది. దాన్ని ఆయన ముట్టుకోలేదు.

ఆయన మాట మీద మాకెంత గురి అంటే, మర్నాడు పొద్దున్నే నేను చాప పరుచుకుని కూర్చున్నాను. లేవలేకపోయాను. మా ఆయనా, మా అబ్బాయీ చెరో రెక్కా పట్టుకుని లేపారు. సాయంత్రానికి అన్నం గరిటె చేతిలో నిలవలేదు. రాత్రి మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు అందరికీ భయం వేసింది.

సర్కారీ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది చిన్న కుర్రాడు, ఒడియా డాక్టరు. నన్ను కూర్చోబెట్టి ముందు సుత్తి తీశాడు. రెండు మోకాళ్ళ మీదా కొట్టాడు, కాలు ఉలకలేదు. మడమ దగ్గర కొట్టాడు, అక్కడా లేదు. అతని ముఖం మారిపోయింది. ఊపిరి బాగా తీసుకుని, ఒక్క గుక్కలో ఒకటి నుంచి లెక్కపెట్టమన్నాడు. 24 దాకా వచ్చాను. మా ఆయన్ని పక్కకి పిలిచి, ఇది కాళ్ళ నుంచి పైకి పాకుతుందనీ, ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటర్ కావాలనీ, ఇప్పుడే బయల్దేరమనీ చెప్పాడట. "దారిలో లెక్క పెట్టిస్తూ ఉండండి. పదికి పడిపోతుంటే విశాఖ దాకా చూడొద్దు, మధ్యలో ఎక్కడ ఐసీయూ ఉంటే అక్కడ ఆపేయండి" అన్నాడట. ఆ మాటలు నాకు తర్వాత తెలిశాయి. దారిలో మాత్రం, ఈయనకి మతిపోయిందా, ఊరికే లెక్కలు చెప్పమంటారేమిటి అనుకున్నాను.

ఆ రాత్రి గురించి ఎంత రాసినా తక్కువే. కూనేరు దాటాక రోడ్డు నిండా గుంతలు. అంబులెన్స్ కుదుపుకి నా తల అటూ ఇటూ పడిపోతోంది, మెడ ఆపలేకపోతోంది. మా అత్తగారు తల ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. "ఏటీ అవదమ్మా, మజ్జిగౌరమ్మ తల్లి చూసుకుంటాది" అని అదే మాట అంటున్నారు. ముందు నుంచి డ్రైవరు కుర్రాడు ఒడియాలో అదే మాట, "కిచ్ఛి హెబ నాహి, మా" అంటున్నాడు. మా ఆయన మాత్రం "ఊఁ, మళ్ళీ చెప్పు" అంటారు. నేను ఒకటి, రెండు, మూడు... పార్వతీపురంలో 20 దాటలేదు. బొబ్బిలి దగ్గర 15. క్లాసులో పిల్లలకి ఎక్కాలు చెప్పే నోరు, పదిహేను తర్వాత పదహారు చెప్పలేకపోతోంది. అంకె తెలుసు. గాలి లేదు. రామభద్రపురం దాటాక 14, మళ్ళీ 14. గజపతినగరంలో లారీలు అడ్డంగా ఉంటే ఆగిపోయాం, అప్పుడు మా ఆయన అడగడం మానేశారు. అది నన్ను ఇంకా భయపెట్టింది. నేనే లెక్కపెట్టాను, లోపల్లోపల. పిల్లాడి పదో తరగతి ఫీజు ఏ డబ్బాలో పెట్టానో ఎవరికీ చెప్పలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

విశాఖలో గేటు దగ్గర అడిగిన మొదటి మాట, ఆరోగ్యశ్రీ ఉందా అని. మాది ఒడిశా రేషన్ కార్డు, అది మాకెలా వస్తుంది? మా రాష్ట్రం కార్డేమో ఆ ఆసుపత్రిలో చెల్లదన్నారు. సరిహద్దులో బతికేవాళ్ళకి రెండు రాష్ట్రాలూ దగ్గరే, ఆసుపత్రి కౌంటర్ దగ్గర మాత్రం రెండూ మనవి కావు. మా అత్తగారు మెడలోని నాను గొలుసు తీసి మా ఆయన చేతిలో పెట్టారు. ఆవిడతో నాకు పదేళ్ళ పేచీలు ఉన్నాయి. ఆ నాను సంగతి వాటన్నిటికీ జమ చేసేశాను.

ఐసీయూ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. స్కాన్, వెన్నులో సూది, నరాల పరీక్ష. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. వెంటిలేటర్ మంచం పక్కనే పెట్టి ఉంచారు, అంతదాకా రాలేదు. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నలుగురైదుగురిలో ఒకరికి అది తప్పదట. న్యూరాలజిస్టు మేడం రోజూ మంచం పక్కన కూర్చుని చెప్పేవారు: కడుపులో దూరిన క్రిమి మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున మన నరాల మీదే పడుతుంది, కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు లాంటి పొరని కొరికేస్తుంది, అందుకే మెదడు చెప్పింది కాలికి చేరదు అని. నాకు ఎక్కించిన మందు వేలమంది దానం చేసిన రక్తంలోని ప్లాస్మా నుంచి తీస్తారని కూడా ఆవిడే చెప్పారు. వాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు వాళ్ళకీ ఒక దండం పెడుతున్నాను.

ఇంటికి వచ్చాక అసలు కథ. కాలు కొంచెం కదులుతుంది, పాదం మాత్రం వాలిపోయి ఉంటుంది. మొహం సగం బిగుసుకుపోయి, టిఫిన్ తింటే పక్కనుంచి కారుతుంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక వైద్యం చెప్పారు. ఒకావిడ ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టమంది. ఫిజియోథెరపీ అమ్మాయి సమయానికి వచ్చి ఆపింది. స్పర్శ లేని కాలికి వేడి తెలియదు, బొబ్బలెక్కినా తెలియదు. నూనె మర్దనా చేసుకోండి గానీ గోరువెచ్చగా, ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మోచేతి మీద చూసుకుని చేయండి అంది. అలా రోజూ నువ్వుల నూనె, పొద్దున చోడి (రాగి) అంబలి మా అత్తగారి డిపార్ట్‌మెంట్ అయింది. ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలో అభ్యంగం (నూనె మర్దనా) నిత్యం చేయమని ఉందని తర్వాత ఎవరో చెప్తే, "మా అమ్మ చదవకుండానే చేసింది" అన్నారావిడ.

యోగా పేరెత్తితేనే నాకు ఒళ్ళు మండేది. క్లినిక్‌లో ఆ మాట విన్న దగ్గర్నుంచి. అయితే మా వీధిలో రైల్వేలో చేసి రిటైరైన మాస్టారు ఒకరున్నారు, రోజూ పొద్దున్న కొంతమందికి నేర్పుతారు. మా ఆయన బతిమాలి తీసుకొచ్చారు. ఆయన రాగానే ఆసనం గురించి మాట్లాడలేదు. "డిశ్చార్జి కాగితం చూపించమ్మా" అన్నారు. అది చదివి, మా మేడంతో ఫోన్లో మాట్లాడి, చేయకూడనివి ముందు చెప్పారు. కపాలభాతి వద్దు. ఊపిరి బిగబట్టడం వద్దు. ఈ జబ్బులో బీపీ, గుండె వేగం ఇష్టమొచ్చినట్టు ఆడతాయి. మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం అసలే వద్దు, ఎక్కువసేపు కూర్చుంటే మోకాలి పక్కనుంచి పోయే నరం నొక్కుకుని పాదం ఇంకా వాలిపోవచ్చు. అలసట రాకముందే ఆపేయాలి. "స్థిరసుఖమాసనం అన్నారు పతంజలి. నీకు స్థిరం ఇప్పుడు లేదు, సుఖంతో మొదలుపెడదాం" అన్నారు. నాకు నవ్వొచ్చింది, సగం మొహంతోనే.

మొదట శవాసనమే. కాలి బొటనవేలి మీద మనసు పెట్టమంటారు. అక్కడ వేలు ఉన్నట్టే తెలియదు నాకు! అయినా రోజూ పెట్టాను. తర్వాత ఓంకారం. ఓ అనడం వచ్చేది, చివర మ్ దగ్గర పెదాలు కలిసేవి కావు. వేళ్ళతో పెదాలు దగ్గరికి పట్టుకుని అనేదాన్ని. తుమ్మెదలా ఝుమ్మనే భ్రామరికీ అదే అవస్థ. ఒక పొద్దున చేతులు వాడకుండానే మ్ పలికింది, ముక్కులోంచి తల దాకా మోగింది. వంటింట్లోంచి మా అత్తగారు పరిగెత్తుకుని వచ్చారు. తాడాసనం రెండు గోడలు కలిసే మూల నిలబెట్టి చేయించేవారు, ఎందుకంటే కళ్ళు మూస్తే నేను పడిపోతాను. కాలు ఎక్కడుందో కాలు చెప్పడం లేదు, కన్నే చెప్తోంది మరి. నెలల తరబడి ఆ మూలలోనే.

రాత్రుళ్ళు వేరు. పడుకోగానే ఊపిరి ఆగిపోతున్నట్టు ఉండేది. లేచి ఒక్క గుక్కలో లెక్కపెట్టుకునేదాన్ని. మాస్టారు ఆ లెక్క మాన్పించారు. "అంకె కోసం కాదు, వదిలే ఊపిరి తీసుకున్నదాని కంటే కొంచెం పొడుగ్గా ఉంటే చాలు" అన్నారు. నాకు నిద్ర తిరిగొచ్చింది దానివల్లే. ఈ విషయంలో ఏ డాక్టరు నవ్వినా నేను ఒప్పుకోను.

అలాగే ఇంకోవైపు కూడా ఒప్పుకోను. మా బంధువు ఒకతను "నరాల రోగాన్ని యోగాతో జయించిన రాయగడ మహిళ" అని నా ఫోటో వాట్సాప్‌లో తిప్పాడు. ఫోన్ చేసి తీయించాను. నరం మీద పొర ప్రాణాయామంతో కట్టలేదు. ఆ రాత్రి నేను చాప మీదే ఉండిపోయి ఉంటే ఫోటో ఉండేది, దండ కూడా ఉండేది. ఎవరికైనా తిమ్మిర్లు పాదాల నుంచి పైకి వస్తూ, కాళ్ళు బలం తప్పుతుంటే ఆ రోజే సుత్తితో కొట్టి చూడమని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే తగ్గిపోతుందనేవాళ్ళు కూడా ఉంటారు, ఈ జబ్బుకి అది పనిచేయదు.

నడవగలిగాక ఆ క్లినిక్‌కి వెళ్ళాను. కాగితం టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివి, "మొదట్లో ఇది ఎవరికీ తెలియదమ్మా" అన్నారు. నిజమే కావచ్చు, మొదటి రోజుల్లో కష్టమేనని మేడం కూడా అన్నారు. కానీ మా ఆయన కోపం ఆపుకోలేక పెన్నుల డబ్బాలోంచి సుత్తి తీసి ఆయన చేతికిచ్చారు. నేను ఆపలేదు.

ఇప్పుడు రెండు పీరియడ్లు నిలబడి చెప్తాను, తర్వాత కుర్చీ. సాయంత్రానికి అరికాళ్ళు మండుతాయి. మజ్జిగౌరమ్మ మొక్కు తీర్చాం, నాను విడిపించాం. జూన్ 21న యోగా దినోత్సవానికి నన్ను స్టేజీ మీద మాట్లాడమన్నారు మా స్కూల్లో. ముందు సుత్తి గురించీ ప్లాస్మా గురించీ చెప్పి, ఆ తర్వాతే యోగా గురించి చెప్తానన్నాను. టైమ్ ఐదు నిమిషాలేనట. కనుక్కుని చెప్తామన్నారు.