ఒక రాత్రి దూరం

మా అమ్మ లెక్కలో కర్నూలుకీ విశాఖకీ మధ్య దూరం ఒక రాత్రి. చెల్లెలు పెళ్లయి విశాఖకు వెళ్లినప్పటి నుంచీ అంతే. రాత్రి డోన్‌లో రైలెక్కాలి, గుంటూరు ఎప్పుడొచ్చిందో తెలియకుండా పడుకోవాలి, మర్నాడు పొద్దెక్కాక దిగాలి. రోడ్డు మీదైతే దాదాపు 700 కిలోమీటర్లు. ఆ మాట ఎత్తితేనే అమ్మకు నడుం నొప్పి.

2021 మార్చిలో కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విశాఖకు సర్వీసు మొదలైంది. రోజూ ఉండేది కాదు. ఆ డిసెంబరులో మాకు కుదిరిన రోజు చూసి టికెట్లు తీశాను. టెన్షన్ అంతా సామాను దగ్గరే. మనిషికి 15 కిలోలంటే, అమ్మ పది కిలోలు ఎర్రగడ్డలే కట్టింది. ఉల్లిపాయలను మేం ఎర్రగడ్డలంటాం. విశాఖలో దొరకవా అంటే, "కర్నూలువి దొరుకుతాయా?" అంది. తూకం వేసే అమ్మాయి మూట చూసి నవ్వింది గానీ అడ్డు చెప్పలేదు.

విమానాశ్రయం నంద్యాల రోడ్డు మీద, ఊరికి సుమారు 20 కిలోమీటర్లు. పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. 1847లో కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారని చిన్నప్పుడు విన్న కథంతా అమ్మ లైన్లో నిలబడి చెప్పింది. వెనకున్నవాళ్లు కూడా విన్నారు.

విమానం చిన్నది, ఏటీఆర్ రకం. ఎక్కే తలుపు తోక వైపు. రెక్కలు కిటికీల పైన ఉంటాయి కాబట్టి కింద నేలంతా కనిపిస్తుంది. కుడివైపు సీటు అడిగి తీసుకున్నాను. మ్యాపులో రెండు ఊళ్లకూ మధ్య తిన్నగా గీత గీస్తే 580 కిలోమీటర్లు. ఆ గీత నల్లమల మీదుగా పోయి, విజయవాడకూ రాజమండ్రికీ కాస్త ఎగువన సాగుతుంది. అడవి ముదురాకుపచ్చగా చాలాసేపు ఉంది. కృష్ణ కనిపించింది. కాసేపటికి ఇసుక తిన్నెల మధ్య చీలిపోయిన గోదావరి. "అప్పుడే గోదారా? పైసలు కూడా వేయలేదే," అంది అమ్మ. రైలు వంతెన మీద ఎప్పుడూ రూపాయి బిళ్ల వేసే మనిషి.

ఏటీఆర్ వేగం గంటకు 500 కిలోమీటర్లు అనుకుంటే గంటా పది నిమిషాల్లో చేరాలి. కానీ పైకెక్కడానికి, దిగడానికి, రన్‌వే మీద తిరగడానికి కలిపి గంటన్నర దాటుతుంది. మా ఇంటి గడప నుంచి చెల్లెలి గడప దాకా చూస్తే అయిదు గంటలు పట్టింది. అందులో గాల్లో ఉన్నది మూడో వంతు కూడా కాదు. మిగతాదంతా ఆటో, క్యూ, ఎదురుచూపు, క్యాబు.

విశాఖది నేవీ వాళ్ల విమానాశ్రయం, ఫొటోలు తీయొద్దన్నారు. బయటికొచ్చి ఫోను ఆన్ చేయగానే చెల్లెలు, "బయల్దేరారా?" అంది.

ఎన్‌ఏడీ కూడలి దగ్గర క్యాబు నెమ్మదించాక అమ్మ సంచి విప్పింది. దారిలో తినడానికని చేసిన జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి అలాగే ఉన్నాయి. నాకొకటి, డ్రైవరుకొకటి ఇచ్చి తనూ తింది. తిరుగు ప్రయాణానికి మాత్రం రైలు టికెట్లే తీయమంది. మధ్యలో ఓ నిద్ర పడకపోతే ఊరు మారినట్టే లేదట.