అన్నను డీ-అడిక్షన్‌లో చేర్పించాం: నా అనుభవం

ఎక్కడైనా చేర్పించమని మా అన్నే అడిగాడు. కామారెడ్డి దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేస్తాడు. పొద్దున లేవగానే క్వార్టర్ పడకపోతే గ్లాసు కూడా పట్టుకోలేనంతగా చేతులు వణికే దశకు వచ్చాడు. హైదరాబాద్‌లో ఉండేది నేనే కాబట్టి సెంటర్ వెతికే పని నా మీద పడింది.

ముందు 14446కి ఫోన్ చేశాను. మత్తు అలవాట్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. అక్కడి కౌన్సెలర్ చెప్పాకే డీటాక్స్ వేరు, రిహాబ్ వేరు అని తెలిసింది. ఒంట్లోంచి మందు దిగేటప్పుడు వచ్చే ప్రమాదాన్ని దాటించడం డీటాక్స్. అది డాక్టర్ల పని. మళ్లీ తాగకుండా బతకడం నేర్పేది రిహాబ్. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చని, అందుకే చేర్చేదాకా ఇంట్లో బలవంతంగా ఆపొద్దని కూడా ఆమె చెప్పింది. ఈ మాట మా అమ్మకు నచ్చజెప్పడమే పెద్ద పనైంది.

ప్రైవేటు సెంటర్లకు ఫోన్ చేస్తే మొదట చెప్పేది ప్యాకేజీ. మూడు నెలలకు ఇంత, ఏసీ గది అయితే ఇంత, యోగా, క్యారమ్స్. ఒకాయనైతే “అడ్రస్ పంపండి సార్, పేషెంట్ ఒప్పుకోకపోయినా మావాళ్లు బండేసుకుని వచ్చి తీసుకుపోతారు” అన్నాడు. రాత్రిపూట డాక్టర్ ఉంటారా అంటే, సీనియర్లు ఉంటారన్నాడు. సీనియర్లంటే అంతకుముందు అక్కడే చేరి మానేసినవాళ్లట. ధైర్యం చెప్పడానికి వాళ్లు పనికొస్తారేమో గానీ ఫిట్స్ వస్తే ఏం చేస్తారు?

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చికిత్స ఉందని చెప్తే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. మన దగ్గర ఆ పేరే ఒక తిట్టు కదా. “ఊరంతా పిచ్చోడంటరు బిడ్డా” అంది అమ్మ. అన్నకు కాలేయం వాపు కూడా ఉండటంతో, సైకియాట్రీ వార్డూ ఫిజిషియన్లూ ఒకే చోట ఉన్న జనరల్ ఆసుపత్రికి వెళ్లాం. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, మద్యం అలవాటుకు చేసే చికిత్స చాలా పాలసీల మినహాయింపుల్లోనే ఉంటుంది.

డాక్టర్ అడిగిన రెండో ప్రశ్నే “కల్లు తాగుతాడా?” అని. అన్న నవ్వి, “కల్లుదేముంది సార్, రోజూ సాయంత్రం డిపోల రెండు సీసలు” అన్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు. మా వైపు డిపోల్లో దొరికే కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్ర, మత్తు మందులు కలుపుతారు. 2015లో దాడులు చేసి కల్తీ కల్లు ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఫిట్స్‌తో, మతిస్థిమితం లేకుండా ఆసుపత్రులకు వచ్చిన సంగతి ఆయన గుర్తుచేశాడు. మందు ఒక్కటే అయితే గండం వారంలో దాటుతుందట. అల్ప్రాజోలం కూడా అలవాటైన ఒంటికి మాత్రం మాత్రలు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఏ సెంటర్‌కి వెళ్లినా ముందు కల్లు సంగతి చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే.

తాగడం మానేసిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే. ఆ తర్వాత రెండు మూడు రోజులు మనిషి అయోమయంలో పడే ప్రమాదం. మా అన్నకు ఫిట్స్ రాలేదు గానీ మూడో రాత్రి వార్డులో లేచి కూర్చుని “కరెంటొచ్చింది, మోటర్ వెయ్‌రా” అని గోడ మీద స్టార్టర్ కోసం వెతికాడు. వదిన ఏడుస్తోంది. నర్సు మాత్రం కంగారుపడకుండా డ్యూటీ డాక్టర్‌ని పిలిచింది. నాడి, బీపీ చూసి మనిషిని శాంతపరిచే లోరాజెపామ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మామూలుగా అదే రకం మందు లిబ్రియం వాడతారట, కాలేయం దెబ్బతింది కాబట్టి ఇది ఎంచుకున్నారు. చేరిన రోజే “నీరసంగా ఉన్నాడు, గ్లూకోజ్ పెట్టండి” అని నేనంటే, ముందు బి1 విటమిన్ పడాలన్నారు. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చట. ఊళ్లో ఆర్‌ఎంపీ చేసేదేమో మొదట బాటిల్ ఎక్కించడమే!

డీటాక్స్ అయ్యాక అన్న ఇంటికి పోదామన్నాడు. ముఖంలో కళ వచ్చింది, ఆకలి వేస్తోంది, ఇంకేం కావాలంటాడు. వదిన ఒప్పుకోలేదు. అప్పుడు రిహాబ్ వెతికాం, ఈసారి అన్నను వెంటబెట్టుకుని. ఒక చోట పై అంతస్తు చూపించమంటే కుదరదన్నారు, వచ్చేశాం. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి, దాని ప్రకారం ఎవర్నీ గొలుసులతో కట్టకూడదు. తనంతట తాను చేరిన మనిషిని బయటి ముఖం చూడనివ్వకుండా పెట్టేస్తామంటే నాకు అనుమానమే. చివరికి ప్రభుత్వ గ్రాంటుతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సెంటర్‌లో చేర్చాం. ఏసీ లేదు, పప్పు నీళ్లలా ఉంటుంది. కానీ రిజిస్ట్రేషన్ కాగితం అడగ్గానే చూపించారు, ఫోన్ చేయనిస్తారు, వారానికోసారి ఇంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అన్న ఎదురుగా వదిన తన అప్పుల లెక్క మొత్తం మొదటిసారి చెప్పింది అక్కడే.

ఎవరో బంధువు, అన్నంలో తెలియకుండా కలిపే మందుబిళ్ల ఉందని చెప్పాడు. అది డైసల్ఫిరామ్. వేసుకుని తాగితే గుండె మీదకు రావచ్చు, మనిషికి తెలియకుండా ఇవ్వనే కూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కాలేయం సంగతి చూసి, తాగాలన్న కోరికను తగ్గించే అకాంప్రోసేట్ మాత్రలు రాశాడు, మూడు పూటలా రెండేసి. మధ్యాహ్నం పూటవి పొలంలో మర్చిపోతున్నాడని వదిన ఇప్పుడు సద్ది డబ్బాలోనే పెట్టి పంపిస్తోంది. వచ్చే నెల కాలేయం పరీక్ష మళ్లీ చేయించాలి.